ఏటిలో కాలు జారకుండా
చేపలు పట్టేవారి పాదరక్షలు, సంచులు

నేల మీద నడక ఒకసారి నేర్చితే చాలును. జీవితాంతం మరల నేర్వనక్కర లేదు. పారే నీటిలో నడక అటువంటిది కాదు. నేల మీద అడుగు ఎక్కడ పడుతున్నదో కన్ను చెబుతుంది. నీటిలో ఆ సంగతి పాదమే కనిపెట్టవలె. పైగా ఏటిలో చేపలు పట్టేవాని చేతులు రెండూ వల మీదనో గాలపు కర్ర మీదనో ఉంటాయి. దృష్టి చేప మీద ఉంటుంది. కాబట్టి కాలు జారితే ఆపుకొనుటకు చేతులు ఖాళీగా ఉండవు. ఈత వచ్చినవాడైనా, మోకాటిలోతు నీటిలో జారిపడి తల రాతికి తగిలితే ఆ ఈత అక్కరకు రాదు. ఏటి ప్రమాదాలు లోతైన మడుగులోనే మొదలు కానక్కర లేదు. పాచి పట్టిన ఒక్క రాయి చాలును.

పాశ్చాత్య దేశాలలో ఈకలను, దారాలను గాలపు ముల్లుకు చుట్టి, ఈగను పోలిన కృత్రిమపు ఎరను తయారుచేసి, దానిని నీటిపై విసరి చేపలు పట్టే వినోదం చాలా కాలం నుండి ఉన్నది. దీనికై ఏటి నడుమ గంటల తరబడి నిలువవలె. అందుచేత అక్కడ నీటిలో తొడుగుకొనే బూట్లు, నీరు చొరని తొడుగులు, సామాను పెట్టుకొనే ప్రత్యేకమైన సంచులు పుట్టుకొచ్చినవి. మన దేశంలో ఈ విద్య నదులలోని మహసీరు అనే పెద్ద చేపతోను, చల్లని నీలగిరి సెలయేళ్ళలో పెంచిన ట్రౌటు చేపతోను ముడిపడినది. మదరాసు రాజధానిలో సివిల్ ఉద్యోగిగా పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గ్రంథాన్నీ, తరువాత చెరువులలో గాలం వేసే పద్ధతులపై మరొక గ్రంథాన్నీ ప్రచురించెను.

కర్నూలు, కడప సీమలలో ట్రౌటు బ్రతకదు. దానికి చల్లని నీరు కావలె. కాని ఇక్కడి తుంగభద్రలో, కృష్ణలో, పెన్నలో బొచ్చె, శీలావతి, వాలుగ వంటి చేపల కోసం బెస్తవారు తరతరాలుగా నీటిలో దిగుతున్నారు. వారి చేతిలో ఉన్నది విసురు వల. కాలికి తరచు ఏమీ ఉండదు. సాధనాలు వేరైనా ఎదుర్కొనే ప్రశ్న ఒక్కటే: పారే నీటిలో, కనిపించని రాతి మీద, చేతులు పనిలో ఉండగా, మనిషి ఎట్లు నిలువవలె? కాలికి ఏమి తొడగవలె? ఒంటిపై ఎంత బరువు, ఏ చోట మోయవలె?

రాళ్ళు వేరు, అడుగు వేరు

రాయలసీమ వానలు తక్కువగా కురిసే సీమ. ఏటిలో నీరు ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు. వేసవిలో తేలిన రాళ్ళు వానకాలంలో మునుగుతాయి. నీరు తగ్గగానే వాటిపై పాచి పెరుగుతుంది. కాబట్టి ఇక్కడ ఏటిలో దిగేవాడు నీటికంటె ముందుగా రాతిని తెలుసుకొనవలె.

ఈ రెండు సీమల రాళ్ళు భూగర్భ శాస్త్రంలో ప్రసిద్ధి కెక్కినవి. 1872లోనే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని విపులంగా వర్ణించెను. వీటిలో మూడు ముఖ్యమైన రకాలను ఏటి అడుగున చూడవచ్చును. పడమట మంత్రాలయం పరిసరాలలో తుంగభద్ర నల్లరాతి గుండ్ల నడుమ పారుతుంది. ఇవి గ్రానైటు, నైసు జాతి రాళ్ళు. గండికోట వద్ద పెన్న ఎర్రమల కొండలను కోసుకొని లోతైన లోయగుండా పోతుంది. అక్కడి రాయి క్వార్ట్జైటు. నంద్యాల నుండి కడప వైపు సాగే కుందేరు పరీవాహక ప్రాంతంలో సున్నపురాయి, పలకరాయి విస్తారంగా ఉన్నవి. ఇళ్ళలో పరచుకొనే కడప బండలు, నాపరాళ్ళు ఈ సున్నపురాయి జాతివే. పెన్న దిగువ భాగంలో రాతికన్న ఇసుక ఎక్కువ.

నల్లరాతి గుండు గరుకుగా ఉంటుంది గాని గుండ్రంగా ఉండి పాదం సగమే ఆనుతుంది. నాపరాయి చదునుగా ఉండి పాదమంతా ఆనుతుంది గాని నునుపుగా ఉంటుంది. ఇసుక జారదు, కాని కాలికింద నుండి నీరు దానిని తొలుచుకొని పోతుంది. ఒకే జత పాదరక్షలు అన్నిటికీ సమానంగా పనికిరాకపోవుటకు కారణ మిదే.

తడిరాయి ఎందుకు జారుతుంది?

రెండు వస్తువులు ఒకదానిపై ఒకటి జరుగుటను అడ్డగించే బలమే ఘర్షణ. వస్తువును కిందికి నొక్కే బలంలో ఘర్షణ ఎంత భాగమో తెలిపే సంఖ్యను ఘర్షణ గుణకం అంటారు. పొడిరాతిపై రబ్బరు అడుగుకు ఈ గుణకం 0.6 గాని అంతకు మించి గాని ఉండవచ్చును. అదే రాతిపై పాచి పట్టితే 0.15 వరకు కూడా దిగజారవచ్చును.

ఈ తేడాకు నీరు ఒక్కటే కారణం కాదు. కడిగిన రాయి తడిసినా కొంతవరకు పట్టు ఇస్తుంది. అసలు దోషం రాతిపై పెరిగే సూక్ష్మజీవుల పొరది. నీటిలో మునిగిన ప్రతి రాతి మీద కొద్దిరోజులలోనే డయాటములు, నీలి ఆకుపచ్చ శైవలాలు, బాక్టీరియాలు చేరుతాయి. ఇవి తమను రాతికి అంటించుకొనుటకు జిగురువంటి పదార్థాన్ని విసర్జిస్తాయి. నీటిని పీల్చి ఉబ్బిన ఈ జిగురు కాలికీ రాతికీ నడుమ కందెనగా పనిచేస్తుంది. బండి ఇరుసుకు వేసిన ఆముదం ఏ పని చేస్తుందో, రాతికీ పాదానికీ నడుమ ఈ జిగురు అదే పని చేస్తుంది.

పాదరక్ష చేయవలసిన పని దీనినిబట్టి తేలుతుంది. అది ఈ పొరను చీల్చవలె, లేదా పీల్చవలె, లేదా పక్కకు తోసివేయవలె. నున్నని అడుగుగల చెప్పు ఈ మూడింటిలో ఒక్కటీ చేయలేదు.

నీటి తోపు ఎంత?

కాలు జారుటకు రెండవ కారణం ప్రవాహపు తోపు. ఇది నీటి వేగంతోపాటు కాక, వేగం యొక్క వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. 60 కిలోగ్రాముల బరువుగల ఒక మనిషిని తీసుకొని ఉజ్జాయింపుగా లెక్క వేయవచ్చును.

అతడు మోకాలి దాకా, అనగా సుమారు అరమీటరు లోతు నీటిలో నిలిచినాడు. రెండు కాళ్ళూ కలిసి ప్రవాహానికి సుమారు 0.12 చదరపు మీటరు వైశాల్యాన్ని అడ్డు పెడతాయి. నీరు సెకనుకు 1 మీటరు వేగంతో పారితే తోపు సుమారు 6 కిలోగ్రాముల బరువుకు సమానం. అదే 2 మీటర్ల వేగమైతే 24 కిలోగ్రాములు.

ఇక పట్టు సంగతి. ఆర్కిమెడీసు సూత్రం ప్రకారం మునిగిన భాగం ఎంత నీటిని తొలగిస్తుందో అంత బరువు తగ్గుతుంది. మోకాలి దాకా మునిగితే తగ్గేది సుమారు 7 కిలోగ్రాములు. మిగిలిన 53 కిలోగ్రాములే రాతిని నొక్కుతాయి. గుణకం 0.6 అయితే రాయి ఇచ్చే పట్టు సుమారు 32 కిలోగ్రాములు; 0.15 అయితే కేవలం 8 కిలోగ్రాములు. సెకనుకు 1 మీటరు వేగంగల నీటి తోపు 6. పాచిరాతి పట్టు 8. వేగం 1.2 మీటర్లు కాగానే తోపు 8.6 అవుతుంది. మనిషి జారుతాడు. మోకాటిలోతులోనే!

నడుములోతులో సంగతి మరింత విషమం. బరువులో సుమారు 22 కిలోగ్రాములు నీరే మోస్తుంది. రాతిని నొక్కేది 38 కిలోగ్రాములు. మంచి పాదరక్ష తొడిగి 0.6 గుణకం సాధించినా పట్టు 23 కిలోగ్రాముల లోపే. నీటికి అడ్డుపడే వైశాల్యం సుమారు 0.3 చదరపు మీటరుకు పెరుగుతుంది గనుక 1 మీటరు వేగానికే తోపు 15 కిలోగ్రాములు, 1.25 మీటర్లకు 23 దాటుతుంది. లోతు పెరిగినకొద్దీ తోపు పెరుగుతుంది, పట్టు తరుగుతుంది. కత్తెర రెండు అంచులవలె ఇవి రెండు వైపులనుండి వచ్చి కలుస్తాయి. ఎంత మంచి బూట్లయినా ఈ హద్దును కొంచెం జరుపగలవే గాని తొలగించలేవు.

నీటి వేగం తెలుసుకొనుటకు యంత్రమేమీ అవసరం లేదు. గట్టు మీద 10 మీటర్ల దూరం కొలిచి రెండు గుర్తులు పెట్టవలె. ఎండిన జొన్నదంటు ముక్కను ఎగువ గుర్తు వద్ద నీటిలో వదలి, దిగువ గుర్తును చేరుటకు పట్టిన సెకన్లు లెక్కించవలె. 10 సెకన్లు పట్టితే వేగం సెకనుకు 1 మీటరు. అంతకంటె త్వరగా పోతే పాచి పట్టిన రాళ్ళ మీద దిగరాదు.

ఏ అడుగు ఏ రాతికి?

పాదరక్షల అడుగులు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది గాళ్ళు కోసిన రబ్బరు. వానలో బస్సు టైరుకు గాళ్ళు చేసే పనినే ఇవి చేస్తాయి. అడుగు నొక్కుకొన్నప్పుడు నీరు, బురద గాళ్ళలోకి తప్పుకొని, గట్లు రాతిని తాకుతాయి. రబ్బరు మెత్తగా ఉంటే రాతి గరుకులోకి ఒదిగి పట్టు పెరుగుతుంది. గరుకుగల నల్లరాతికి, చెరువు బురదకు, ఇసుకకు ఇది మంచిది. బజారులో దొరికే టైరు చెప్పులలో రబ్బరు గట్టిదే. కాని గాళ్ళు అరిగిపోయిన టైరుతో చేసినవైతే పాచిరాతిపై ప్రయోజనం తక్కువ.

రెండవది నొక్కిన ఉన్ని. దీనిని నేయరు, ఉన్నిపోగులను తడిపి నొక్కి దట్టమైన పట్టగా చేస్తారు. దీని పోగులు పాచి పొరలోకి చొచ్చుకొనిపోయి, జిగురును పీల్చుకొని, రాతిని పట్టుకొంటాయి. నున్నని పాచిరాతిపై దీనికి మంచి పేరు. జపాను దేశంలో కొండవాగులలో నడిచేవారు వరిగడ్డితో అల్లిన చెప్పులు తొడగడంలోని సూత్రం కూడ ఇదే. కాని బురదగట్టుపై ఉన్ని అడుగు జారుతుంది, త్వరగా అరుగుతుంది, త్వరగా ఆరదు. ఆరకపోవడం వల్ల కలిగే చిక్కును తరువాత చూడవచ్చును.

మూడవది లోహపు మేకులు బిగించిన అడుగు. ఇవి పొరను చీల్చి రాతిని గీరి నిలుస్తాయి. ఇక్కడ రాతి కాఠిన్యం ముఖ్యం. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ అనే శాస్త్రజ్ఞుడు ఖనిజాలను కాఠిన్యం ప్రకారం 1 నుండి 10 వరకు వరుస పెట్టెను. ఎక్కువ అంకెగలది తక్కువ అంకెగలదానిని గీయగలదు. సున్నపురాతిలోని కాల్సైటు అంకె 3. ఉక్కుకు సుమారు 5 నుండి 6.5. క్వార్ట్జుకు 7. కాబట్టి కుందేరు ఒడ్డున నాపరాతిపై ఉక్కుమేకు గీరుకొని నిలుస్తుంది. గండికోట దగ్గర క్వార్ట్జైటుపై అదే మేకు రాతిని గీయజాలదు. తానే అరిగి, మొన నున్నబడి, మంచుపై గోలీవలె జారుతుంది. అటువంటి రాతికి టంగ్‌స్టను కార్బైడు మేకులు కావలె. వాటి అంకె సుమారు 9. ఒక ఊరి ఏటిలో పనికివచ్చిన బూటు, యాభై మైళ్ళ అవతల మరొక ఏటిలో ప్రాణాపాయం తేగలదు.

ఉత్త పాదం సంగతి కూడ విస్మరింపరాదు. అనుభవం గల బెస్తవాని పాదం పాచిని, కదిలే రాతిని, గుంత అంచును అడుగు మోపకముందే కనిపెడుతుంది. ఏ బూటూ ఇంత తెలివి చూపదు. కాని గాజుపెంకు, తుప్పుపట్టిన గాలపు ముల్లు, జెల్లచేప ముల్లు ఈ పాదాన్నే గాయపరుస్తాయి. ఆ గాయాలు మురుగునీటిలో చీముపట్టుతాయి. కాబట్టి పాదానికి రక్షణ కావలసినదే. అన్నిటికంటె చెడ్డది వేళ్ళ నడుమ పట్టీతో నిలిచే హవాయి చెప్పు. ఇది ప్రవాహంలో ఊడిపోతుంది. కొట్టుకొనిపోయే చెప్పును అందుకొనుటకు వంగినవాడు తానే కొట్టుకొనిపోవచ్చును. నీటిలో తొడిగేది మడమను, చీలమండను పట్టి ఉండవలె. తాళ్ళతో బిగించుకొనుటకు వీలుండవలె. లోపలికి వచ్చిన నీరు పోవుటకు పక్కన రంధ్రాలుండవలె. ఈ లక్షణాలన్నీ గల బూటు ఖరీదైనదే కానక్కర లేదు. గాళ్ళ రబ్బరు అడుగుగల మామూలు కాన్వాసు బూటుకు పక్కన రంధ్రాలు వేసినా చాలా వరకు సరిపోతుంది. తోలు బూటు మాత్రం పనికిరాదు. నానితే సాగుతుంది, ఎండితే బిగుసుకొని పగులుతుంది.

నీరు చొరని తొడుగు మనకు కావలెనా?

విదేశీ చిత్రాలలో చేపలు పట్టేవారు ఛాతీ దాకా వచ్చే నీరు చొరని తొడుగులతో కనిపిస్తారు. 1823లో మాకింటాష్ రబ్బరు పూసిన బట్టను, 1839లో గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును గట్టిపరచే పద్ధతిని కనుగొన్న తరువాత ఇటువంటివి సాధ్యమైనవి. 1969లో రాబర్ట్ గోర్ సాగదీసిన ఒక ప్లాస్టిక్కు పొరను కనుగొన్న తరువాత, నీటిబొట్టును ఆపి ఆవిరిని మాత్రం వెలికి పోనిచ్చే బట్టలు వచ్చినవి.

ఇవి చలిదేశపు అవసరాలు. నీరు గాలికంటె సుమారు 24 రెట్లు ఎక్కువగా వేడిని వహిస్తుంది. 8 డిగ్రీల నీటిలో గంటసేపు నిలిచిన మనిషి కాళ్ళు మొద్దుబారి అడుగు తడబడుతుంది. కాబట్టి అక్కడ పొడిగా ఉండడమే ప్రాణరక్షణ. కర్నూలు, కడపలలో ఏటినీరు వెచ్చన. వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ రబ్బరు తొడుగు వేసుకొన్నవాడు ఏటినీటిలో తడవడు గాని తన చెమటలో తడుస్తాడు. ఆవిరిని పోనిచ్చే బట్ట కూడా లోపలికన్న బయట ఆవిరి పీడనం బాగా తక్కువైనప్పుడే చక్కగా పనిచేస్తుంది. ఇక్కడి వెచ్చని నీటిలో ఆ తేడా స్వల్పం. అందుచేత ఈ సీమలో కావలసినది పొడిగా ఉండుట కాదు, నిలకడగా ఉండుట. త్వరగా ఆరే పలుచని లాగు, మేజోళ్ళు, పట్టుగల బూట్లు చాలును.

ఈ తొడుగుల గురించి ఒక అపోహ ఉన్నది. వాటిలో నీరు నిండితే ఆ బరువుకు మనిషి మునుగుతాడని చాలామంది నమ్మిక. నీటిలో ఉన్న నీటికి బరువు తెలియదు. చేదబావిలో బిందె నీటిపైకి వచ్చేవరకు బరువనిపించకపోవుట అందరికీ అనుభవమే. నిజమైన అపాయం వేరు. నీరు నిండిన తొడుగుతో కాళ్ళాడించడం కష్టం. గట్టెక్కేటప్పుడు ఆ నీటి బరువంతా ఒక్కసారి మీద పడుతుంది. తొడుగు వేసుకొన్నవారు నడుముకు బిగుతుగా పట్టీ కట్టుకొనవలెనని చెప్పుట ఇందుకే.

సంచి ఎక్కడ ఉండవలె?

సామాను సంచి విషయంలో మూడు సూత్రాలు గుర్తుంచుకొంటే చాలును.

మొదటిది బరువు. గరిమనాభి నుండి గీసిన నిలువుగీత రెండు పాదాల నడుమ ఉన్నంతవరకే మనిషి పడకుండా ఉంటాడు. ఒక భుజాన వేలాడే సంచి ఆ గీతను పక్కకు లాగుతుంది. అదీగాక విసురు వల విసరినప్పుడు, గాలపు కర్ర ఊపినప్పుడు అది ఊగి అదను తప్పిస్తుంది. సంచి ఒంటికి అంటుకొని, నడిమధ్యకు వీలైనంత దగ్గరగా ఉండవలె.

రెండవది నీటి తోపు. బెస్తవారు పట్టిన చేపలను చిక్కంలో వేసి నడుముకు కట్టుకొంటారు. చిక్కం నీటిలో ఉంటే చేప చావక తాజాగా ఉంటుంది. కాని 0.05 చదరపు మీటరు అడ్డుపడే చిక్కాన్ని సెకనుకు 1 మీటరు నీరు సుమారు రెండున్నర కిలోగ్రాముల బలంతో లాగుతుంది. పాచిరాతి పట్టు 8 కిలోగ్రాములే అయినచోట ఇది చిన్న సంగతి కాదు. వేగం గల నీటిలో చిక్కం గట్టున ఉంచుట మేలు.

మూడవది తేలే గుణం. నీరు చొరకుండా బిగించిన సంచిలో గాలి ఉంటుంది గనుక అది తేలుతుంది. మనిషి పడినప్పుడు ఆ సంచి వీపున ఉంటే ముఖాన్ని నీటిలోకి తిప్పుతుంది. ఛాతీపై ఉంటే పైకి తిప్పుతుంది. ఛాతీసంచి మరీ పెద్దదైతే పాదాలు కనపడవు గనుక అది చిన్నదిగా ఉండవలె. నడుము సంచి మోకాటిలోతు పనికి మంచిది.

ఏ సంచి అయినా ఒక్క లాగుతో ఊడిరావలె. రాళ్ళ నడుమ పట్టీ చిక్కుకొన్నప్పుడు ముడి విప్పుటకు వ్యవధి ఉండదు. విసురు వల తాడును మణికట్టుకు కట్టుకొనేవారు కూడ బిగిసే ఉచ్చు కాక, లాగితే ఊడే జారుముడి వేసికొనుట మంచిది. సంచిలో చిన్న కత్తి, ఈల, పలుచని తాడు, గాయానికి శుభ్రమైన గుడ్డ, త్రాగునీరు తప్పక ఉండవలె. మిగిలినవి తరువాత.

చేతికర్ర సంచిలో పట్టదు గాని, సామానులో దానిదే అగ్రస్థానం. రెండు కాళ్ళకు కర్ర తోడైతే మనిషి ముక్కాలిపీట అవుతాడు. ముందు కర్ర మోపి లోతు చూడవలె, తరువాత ఒక కాలు జరపవలె. కాలు ఎత్తి వేయక, అడుగున రాచుతూ జరపవలె. ముఖం ఎగువకు తిరిగి, ఏటవాలుగా దాటవలె. పెన్నలో ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. వాటిని కర్ర ఒక్కటే చెప్పగలదు.

బూటు ఆపలేని నీరు

పాదరక్ష, సంచి, కర్ర మూడూ ఉన్నా, నీరే మారిపోతే అవి నిరర్థకం. ఈ సీమ నదులన్నిటికీ ఎగువన ఆనకట్టలున్నవి. 1953 నుండి తుంగభద్ర నీటిని హొసపేట వద్ద ఆనకట్ట ఆపుతున్నది. అక్కడ తలుపులు ఎత్తితే ఆకాశంలో మబ్బు లేకున్నా కర్నూలు దగ్గర నీరు పెరుగుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ ఆనకట్ట 19వ తలుపు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరం మునిగినది. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య జలాశయం కట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామాలను ముంచెత్తినది.

అందుచేత నీటిలో దిగేముందు నీటి అంచున ఒక రాయి పెట్టి గుర్తు చేసుకొనవలె. ఆ రాయి తడిస్తే వెంటనే గట్టెక్కవలె. తేటనీరు కలక బారుట, పుల్లలు, నురుగు కొట్టుకొనివచ్చుట, ఎగువ నుండి హోరు వినబడుట ఇవి ముందుగా వచ్చే హెచ్చరికలు. సుంకేసుల వద్ద మొదలై కడప వరకు సాగే కె.సి. కాలువలో సిమెంటు లైనింగు వేసిన చోట్ల దిగనే రాదు. పాచి పట్టిన ఏటవాలు సిమెంటు గోడపై ఏ బూటూ నిలువదు. జారినవాడు ఎక్కుటకు పట్టు దొరకదు.

తరగతిలో ఒక ప్రయోగం

ఘర్షణ గుణకాన్ని పాఠశాలలోనే కొలువవచ్చును. ఒక మీటరు పొడవుగల నున్నని కడప బండ, లేదా ఒక పలకకు అంటించిన బండముక్కలు తీసుకొనవలె. దానిపై ఒక బూటును ఉంచి, లోపల ఒక కిలోగ్రాము తూకపురాయి వేయవలె. బండ ఒక కొనను మెల్లగా పైకెత్తుతూ, బూటు జారడం మొదలైన క్షణంలో ఆపవలె. ఎత్తిన కొన నేలనుండి ఎంత ఎత్తున ఉన్నదో, ఆ కొనకు సరిగా దిగువనున్న నేలచోటు నుండి బండ రెండవ కొనకు ఎంత దూరమో కొలువవలె. ఎత్తును దూరంతో భాగిస్తే వచ్చేదే ఘర్షణ గుణకం. దూరం 95 సెంటీమీటర్లు, ఎత్తు 30 సెంటీమీటర్లు అయితే గుణకం సుమారు 0.32. బండ బరువైనది గనుక ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టుకొనవలె.

ఇదే ప్రయోగాన్ని పొడిబండపై, తడిబండపై, సబ్బునీరు పూసిన బండపై చేయవలె. సబ్బునీరు పాచికి బదులు. పాత టైరు చెప్పు, కొత్త గాళ్ళ రబ్బరు, హవాయి చెప్పు, గోనెపట్ట చుట్టిన బూటు ఇలా ఒక్కొక్కటి మార్చి ఫలితాలను పట్టికగా వ్రాయవలె. పొడిబండపై మొదటి స్థానం పొందినది సబ్బుబండపై కూడ అదే స్థానంలో ఉంటుందా? తూకపురాయిని రెండు కిలోగ్రాములు చేస్తే గుణకం మారుతుందా? ఈ రెండు ప్రశ్నలకు విద్యార్థులే సమాధానం చెప్పగలరు.

కడుగుట, ఆరబెట్టుట

చివరి సంగతి ఒకటున్నది. తడి బూటు ఒక నీటినుండి మరొక నీటికి జీవాలను మోసుకొనిపోతుంది. డిడిమో అనే డయాటము 2004లో న్యూజీలాండు నదులలో మొదటిసారి కనిపించి, రాళ్ళను దట్టమైన పొరగా కప్పివేయసాగెను. ఉన్ని అడుగులు తడిని చాలాసేపు నిలుపుకొని దీనిని వ్యాపింపజేస్తున్నవని 2008లో ఆ దేశం వాటిని నిషేధించెను. మన చెరువులలో గుర్రపుడెక్క ఎంత నష్టం చేస్తున్నదో అందరూ ఎరిగినదే. దాని చిన్న ముక్క నుండి కొత్త మొక్క పుట్టగలదు. ఏటినుండి వచ్చిన బూట్లను, వలను, సంచిని గట్టునే కడిగి, అంటుకొన్న నాచును, ముక్కలను తీసివేసి, ఎండలో పూర్తిగా ఆరబెట్టవలె. రాయలసీమ ఎండ ఈ పనికి ఉచితంగా దొరికే సాధనం.

నీటిలో దిగేవానికి కావలసినది ఖరీదైన బూటు కాదు, తగిన బూటు. రాతిని చూచి అడుగును, లోతును చూచి సంచిని, జొన్నదంటును చూచి దిగవలెనా వద్దా అన్నది నిర్ణయించుకొనవలె. నీరు వేగంగా ఉన్ననాడు చేప మరునాడు కూడ దొరుకుతుందని గట్టున కూర్చొనుటయే అన్నిటిలోకి మేలైన జాగ్రత్త.